కొయ్యని జత

తిరుపతి దాకా వెళ్ళి కొండెక్కకుండా తిరిగొచ్చిన మనిషిని మా వీధిలో ఇంతకుముందు ఎవరూ చూడలేదట. తెనాలిలో రైలు దిగి ఇల్లు చేరేసరికి పక్కింటావిడ లడ్డూ కోసం చెయ్యి చాపింది. లేదన్నాను. "మరెందుకు వెళ్ళినట్టు?" అంది. ఆ పూట నిలబడి జవాబు చెప్పే ఓపిక లేకపోయింది. ఇప్పుడు తీరిగ్గా కూర్చుని రాస్తున్నాను.

నేను హైస్కూల్లో భౌతికశాస్త్రం చెబుతాను. నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని పిల్లలూ పెద్దలూ ఒకే మాటగా చెబుతారు. నాలుగేళ్ళుగా నాకొక వ్యాపకం ఉంది. పెద్ద పెద్ద రేడియో టెలిస్కోపులతో ఆకాశాన్ని కొంచెం కొంచెంగా సర్వే చేసి, ఆ పటాలను ఇంటర్నెట్‌లో అందరికీ ఉచితంగా పెడుతున్నారు. వాటిని ఒక్కొక్కటే చూసే మామూలు మనుషులు దేశమంతటా ఉన్నారు. అలాంటివాళ్ళ బృందాల్లో మా తెలుగువాళ్ళది ఒకటి. దాని జాబితా రాసేది నేను. మేం వెతికేది భారీ రేడియో గెలాక్సీలను.

అవేమిటో చెప్పాలి. కొన్ని గెలాక్సీల నడుమ ఉన్న కృష్ణబిలం రెండు వైపులా రెండు ధారలు చిమ్ముతుంది. ఆ ధారలు గెలాక్సీని దాటి ఎంతో దూరం పోయి చివర్లలో మబ్బుల్లా పరుచుకుంటాయి. అవి కంటికి కనపడవు, రేడియో టెలిస్కోపుకే దొరుకుతాయి. ఈ కొస నుంచి ఆ కొసకు వెలుతురు వెళ్ళడానికే ఇరవై లక్షల ఏళ్ళు దాటేటంత పొడవుంటే దాన్ని భారీది అంటారు. చిక్కేమిటంటే రెండు మబ్బుల మధ్య చోటు ఖాళీగా కనిపిస్తుంది. కంప్యూటరు వాటిని రెండు వేరు వేరు వస్తువులుగా రాసుకుని ముందుకు పోతుంది. కాదు, ఈ రెండూ ఒకటేనని చెప్పడానికి మనిషి కన్ను కావాలి.

పోయిన నెల పూనా వైపు నుంచి మా జాబితాలు తీసుకునే పరిశోధకురాలు ఫోన్ చేసింది. ఇంకా సున్నితమైన టెలిస్కోపుతో చేసిన కొత్త సర్వేలో ఒకచోట రెండు మబ్బుల మధ్య పలచని వంతెన బయటపడిందట. నడిమి గెలాక్సీ దూరం ముందే తెలుసు కనుక పొడవు లెక్కగట్టారు. భారీదే, అనుమానం లేదు. మా బృందంలో ఒకరు రెండేళ్ళ కిందటే దాన్ని ఒకటిగా గుర్తు పెట్టారనీ, ఆ గుర్తును ఎందుకు కొట్టేశారనీ ఆమె అడిగింది.

కొట్టేసింది నేనే. గుర్తు పెట్టినామె పేరు దేశమ్మ, ఊరు చిత్తూరు అని ఉంది. పక్కన వివరణ గడిలో "కొయ్యలేదు. జత." అని రాసింది. పెద్ద ఆకాశ పటంలోంచి చూడాల్సిన చిన్న ముక్కను వేరు చేయడాన్ని మేం కోత అంటాం. పటం సరిగా కొయ్యలేదని ఫిర్యాదు చేస్తోంది కాబోలని అనుకుని, "పటం బాగాలేదు" అనే గడిలో పడేశాను. అలాంటివి తొమ్మిది పంపింది. తొమ్మిదీ పడేశాను. ఆఖర్న మా బృందం ఫోన్ గ్రూపులో అందరి ముందూ "ఫిర్యాదులు మానేసి పటంలో ఏముందో చూడమ్మా" అని రాసి, ఆమెను గ్రూపులోంచి తీసేశాను.

జాబితా ముగించే గడువు బుధవారం సాయంత్రం ఆరు. ఆ లోపల దేశమ్మ దాన్ని ఎలా కనిపెట్టిందో ఆమె మాటల్లోనే రాసి పంపకపోతే, అది కొత్త సర్వేలో దొరికినదిగా నమోదవుతుంది. ఆమె పేరు ఎక్కదు. మిగతా ఎనిమిదీ చెత్తబుట్టలోనే ఉంటాయి. ఫోన్ చేస్తే ఎత్తడం లేదు. ఆమె చేరిన కొత్తలో అందరితోపాటు ప్రశంసాపత్రం పంపిన చిరునామా మాత్రం నా దగ్గరుంది. దస్తగిరి సాయిబు లుంగీల అంగడి, బజారు వీధి, చిత్తూరు. బడులు తెరవడానికి ఇంకా వారం ఉంది. ఆదివారం రాత్రి రైలెక్కాను.

తిరుపతి

స్టేషను బయట అడుగు పెట్టానో లేదో ఆటోవాళ్ళు చుట్టుముట్టారు. అందరిదీ ఒకటే పాట, "కొండకా? కొండకా?" కాదు, చిత్తూరు బస్సుకన్నాను. ఒకతను నన్నూ నా సంచీనీ ఎగాదిగా చూశాడు.

"తిరప్తికి వచ్చి కొండకి పోకుండా చిత్తూరికి పోతా ఉండారే! ఎవురన్నా పోయినారామ్మా?"

"లేదు నాయనా, అందరూ బాగానే ఉన్నారు. ఒకామెను వెతకాలి."

"పోలీసా మీరు?"

"టీచర్ని."

"అబ్బా, దానికంటే పోలీసే మేలు," అంటూ సంచీ అందుకుని ఆటోలో పెట్టాడు.

బస్టాండు దగ్గర హోటల్లో రెండు ఇడ్లీ, ఒక వడ, కాఫీ కలిపి డెబ్బై రూపాయలు. మా ఊళ్ళో ఇంకో పది తగ్గుతుంది కానీ, శనక్కాయల చట్నీ ఇంత ధారాళంగా ఎవరూ పోయరు. నేను అల్లం పచ్చడి అడిగితే సర్వరు నన్ను జాలిగా చూశాడు. అదే బల్ల దగ్గర గుండ్లు చేయించుకున్న కుటుంబం ఒకటి కూర్చుంది. నేను కొండకు వెళ్ళడం లేదని విని వాళ్ళ పెద్దావిడ బెంబేలు పడి, లడ్డూ విరిచి నా అరచేతిలో పెట్టింది. వద్దంటే వినేలా లేదు. కళ్ళకద్దుకుని తిన్నాను.

పూతలపట్టు

పదకొండు గంటలకల్లా చిత్తూరులో ఉంటానని లెక్కవేసుకున్నాను. పూతలపట్టు కూడలికి కొంచెం ఇవతల బస్సు ఆగింది. ముందర తోతాపురి మామిడికాయల ట్రాక్టర్లు, వాటి వెనక లారీలు. రసం తీసే ఫ్యాక్టరీ వరస రోడ్డు దాకా వచ్చేసిందట. ఒక ట్రాక్టరు తిరగబోయి అడ్డంగా ఇరుక్కుంది. డ్రైవరు ఇంజను ఆపి, కిందికి దిగి, చెట్టు నీడ చూసుకుని పడుకున్నాడు. అతని నిశ్చింత చూసి నాకు ఒళ్ళు మండింది. మా వైపయితే ఈపాటికి పదిమంది దిగి ట్రాక్టరువాడితో తగువు పెట్టుకునేవాళ్ళు.

పక్క సీట్లో ఉన్న రైతు తన సంచీలోంచి కాయ తీసి, చాకుతో కోసి, ఉప్పూకారం అద్ది నాకో బద్ద ఇచ్చాడు. వాళ్ళ ట్రాక్టరు ఆ వరసలోనే నాలుగు దినాలుగా నిలబడి ఉందట. ఎక్కడికి పోతున్నానని అడిగాడు. ఏం చేయను, దాచకుండా చెప్పాను. ఆకాశం సంగతి ఆయన పెద్దగా పట్టించుకోలేదు, దేశమ్మ సంగతి మాత్రం శ్రద్ధగా విన్నాడు.

"అందరి ముందరా తీసేసినావు. ఇంగ ఫోన్ చేస్తే ఎట్ల ఎత్తుతాదమ్మా? పోయి వాకిట్లో నిలబడాల. తిడితే పడాల. నేనూ మా అన్నతో అట్లనే రాజీ అయినా."

"తిడితే పడటానికే వెళ్తున్నాను."

"అయితే ఇంకో బద్ద తిను, బలంగా ఉంటాది."

చిత్తూరు చేరేసరికి సాయంత్రమైంది. దస్తగిరి సాయిబు అంగడి మూసి ఉంది. ఆరోజు వాళ్ళింట్లో పెళ్ళిచూపులని పక్క అంగడివాళ్ళు చెప్పారు. చేతిలో మిగిలింది రెండు రోజులు. లాడ్జిలో పడుకున్నానన్న మాటే గానీ కన్ను మూతపడలేదు.

చిత్తూరు

మంగళవారం ఆయన అంగడి తెరిచేటప్పటికి నేను మెట్టు మీద కూర్చుని ఉన్నాను. అరవై దాటిన మనిషి, తెల్లని జుబ్బా. లోపల పనిచేసే కొడుకుతో ఉర్దూలో, నాతో తెలుగులో, అరవం వాళ్ళొస్తే అరవంలో, మధ్యలో ఊపిరి తీసుకోకుండా మాట్లాడగలడు.

"దేశమ్మా? ఆమెది చిత్తూరు గాదమ్మా, నగరి. జిల్లా పేరు రాసింటాది. ఆమె పని చేసే షెడ్డులోనే మేము టవాళ్ళు కొనేది. వాళ్ళ వీధికి పోస్టు సరిగా రాదని నా అంగడి పేరు ఇచ్చినాది."

తిరుపతి నుంచి పుత్తూరు మీదుగా నేరుగా నగరి పోయి ఉంటే నిన్న మధ్యాహ్నానికే ఆమె ఎదుట ఉండేదాన్ని. జిల్లా పేరును ఊరి పేరనుకుని ఒక రోజు పోగొట్టుకున్నాను. నా మీద నాకే కోపం వచ్చింది. ఆయన టీ తెప్పించాడు. టీ తాగుతూ, ఎందుకైనా మంచిదని, కాగితం తీసి ఆ రెండు మాటలు చూపించాను. "దీనికి అర్థం ఏమై ఉంటుందండీ?"

ఆయన కళ్ళజోడు పెట్టుకుని చదివాడు. "దీనికి అర్థమేముంది, ఇదే అర్థం," అని లేచి, అరలోంచి ఒక మడత లాగి బల్ల మీద పరిచాడు.

అవి రెండు తువ్వాళ్ళు. కాదు, ఒకటే గుడ్డ. ఒక తువ్వాలు నేయడం అయ్యాక, నాలుగు వేళ్ళ మేర అడ్డపోగు వేయకుండా వదిలి, అదే పడుగు మీద రెండోది మొదలుపెడతారు. మధ్యలో నేత ఉండదు. పడుగు పోగులు, అంటే నిలువు పోగులు మాత్రం దీంట్లోంచి దాంట్లోకి సాగిపోతాయి. అమ్మేటప్పుడు ఆ ఖాళీలో కత్తెర పెడితే రెండు వైపులా కుచ్చులు వస్తాయి.

"కొయ్యకముందు దీన్ని కొయ్యని జత అంటాము. సూడు, దూరం నించి నడుమ ఏమీ లేనట్టుంటాది. వేలు పెట్టి సూడు."

వేలు పెట్టి చూశాను. సన్నని పోగులు వేలికి తగిలాయి.

దేశమ్మ పటం గురించి ఫిర్యాదు చేయలేదు. ఈ రెండు మబ్బులూ ఒకే పడుగు మీదివి, మధ్య ఖాళీ నిజం ఖాళీ కాదు, ఇంకా తెగలేదు అని రాసింది. నేను పాఠాల్లో అరగంట సేపు చెప్పే సంగతిని రెండు మాటల్లో చెప్పింది. నేను దానికి "పటం బాగాలేదు" అని ముద్ర వేశాను. ఇరవై ఆరేళ్ళుగా పిల్లల జవాబు పత్రాలు దిద్దుతున్నదాన్ని. అంత సిగ్గు ఎప్పుడూ పడలేదు.

సాయిబు తన ఫోన్ నుంచి ఆమెకు ఫోన్ చేశాడు. "ఏమ్మా, తెనాలి టీచరమ్మ వచ్చి నా అంగట్లో కుచ్చోనుండాది," అన్నాడు. అటునుంచి ఏదో వినిపించి ఆగిపోయింది.

"పెట్టేసింది," అన్నాడు. "కానీ రావద్దు అన్లేదు. అది మంచిదే."

నూట అరవై పెట్టి ఆ జత కొన్నాను. అలవాటు కొద్దీ కత్తెర అందుకుని, కోసి ఇవ్వమంటావా అని అడిగాడు. వద్దన్నాను. ఇద్దరం నవ్వుకున్నాం.

నగరి

నగరిలో ఊరి కంటే ముందు చప్పుడు వినిపిస్తుంది. వీధి పొడుగునా మరమగ్గాలు. చెవులు దిమ్మెక్కిపోయాయి, అక్కడివాళ్ళు మాత్రం ఆ హోరులోనే పెళ్ళి సంబంధాలు మాట్లాడుకుంటున్నారు. అంగళ్ళ బోర్డులు సగం తెలుగు, సగం అరవం. అడుగుతూ పోతే షెడ్డు దొరికింది.

దేశమ్మకు నలభై ఏళ్ళుంటాయి. సన్నగా, ఎత్తుగా ఉంది. నాలుగు మగ్గాల మధ్య అటూ ఇటూ నడుస్తోంది. నా పేరు చెప్పేలోపు ఆమే నడుం మీద చెయ్యి వేసుకుని అడిగింది.

"రెండేండ్లు అయిపాయ. ఇప్పుడు అగత్యం వచ్చినాదా?"

"తప్పు చేశాను. చెప్పడానికి వచ్చాను."

"ఏంది? వినపళ్ళా!"

"తప్పు నాదీ!" అని గొంతు చించుకుని అరిచాను. షెడ్డులో మిగతా ముగ్గురూ తిరిగి చూశారు. ఆమెకు మొదటిసారే వినపడిందని నా అనుమానం.

"నీ నంబరు నా ఫోన్లో ఎట్ల పెట్టుకోనుండానో సూస్తావా?" అని ఫోన్ నా ముఖం ముందు పెట్టింది. "కోసిన టీచరు" అని ఉంది. మా వైపు కొత్త మనిషిని, అందులో టీచరును, ఎంత కోపం వచ్చినా మీరు అనే అంటారు. కడుపులో మంటంతా ఆ మీరు కిందే దాచుకుంటారు. ఇక్కడ ప్రేమైనా కోపమైనా నువ్వే. తిట్టు సూటిగా వచ్చి తగిలింది, నాకు అదే నయమనిపించింది.

జాబితా సంగతి, రేపు సాయంత్రం ఆరు గంటల గడువు చెప్పాను. ఆమె వింటూనే హఠాత్తుగా షెడ్డు ఆ చివరకు నడిచి ఒక మగ్గం ఆపింది. పోగు తెగింది. ఎక్కడ తెగిందో ఆమె వేలు పెట్టి చూపించినా నాకు కనపడలేదు. వేలి కొసలతో ముడివేసి మళ్ళీ నడిపించింది.

"ఇప్పుడు కుదరదు. పని ఆపితే ఓనరు ఊరుకోడు. రేపు తొమ్మిది నించి మజ్జాన్నం దాకా కరెంటు తీస్తారంట. అప్పుడు రా. నేను పంపిన తొమ్మిదీ సూపించాల. ఒకటి సూపించి పోతానంటే రావద్దు."

ఆ రాత్రి మెస్సులో రాగిసంకటి, చింతపండు పులుసు తిన్నాను. సంకటి నమలకూడదని, ముద్ద పులుసులో ముంచి మింగాలని వడ్డించేవాడు నేర్పాడు. మొదటి ముద్ద గొంతుకు అడ్డం పడి కళ్ళ నీళ్ళొచ్చాయి. రెండోది దిగింది.

బుధవారం

తొమ్మిదింపావుకు కరెంటు పోయింది. వీధి మొత్తం ఒక్కసారిగా నిశ్శబ్దమైపోతే ఏదో ప్రమాదం జరిగిందేమోనని చుట్టూ చూశాను. షెడ్డులో పడుగు చుట్టిన బీముల పక్కన చాప వేసుకుని కూర్చున్నాం. నా లాప్‌టాప్, ఆమె ఫోన్‌లోంచి ఇంటర్నెట్.

మొదట పాత పటం తెరిచాను. నల్లని ఆకాశంలో రెండు మచ్చలు, మధ్య ఏమీ లేదు. "ఇందులో నీకు ఒకటని ఎట్లా తెలిసింది?" అన్నాను.

"సూడు. రెండుటికీ బయటి పక్క గట్టిగా ఉండాది, లోపలి పక్క పలచన. ఇది దాని దిక్కు సూస్తా ఉండాది, అది దీని దిక్కు సూస్తా ఉండాది. వరస కూడా తప్పలేదు. పడుగు ఒకటి గాకుంటే ఇట్ల రాదు."

ఆమె చెప్పింది చెప్పినట్టే టైపు చేసుకుని, కొత్త సర్వే పటం తెరిచాను. అదే చోట, మచ్చల మధ్య, పొగమంచులా పలచని చార ఒకటి ఈ కొస నుంచి ఆ కొస దాకా సాగి ఉంది. దేశమ్మ ముందుకు వంగింది. కళ్ళు తుడుచుకుంది.

"నేను ఉట్టికే రాయలేదు గదా?" అంది.

"లేదు," అన్నాను.

నడిమి చుక్కను చూపించి, ఈ రెండింటికీ ఇల్లు అదేనని, అందులోంచే ధారలు బయల్దేరాయని చెప్పాను. "అంత సిన్నదాంట్లో నించి ఇంత పొడుగు పోగా!" అని నవ్వింది. ఆమె నవ్వడం అదే మొదలు.

మిగతా ఎనిమిదీ ఒక్కొక్కటే కొత్త పటాలతో సరిచూశాం. నేను మెత్తబడిపోయి ఉన్నాను, ఆమె ఏదంటే అది ఒప్పుకునే స్థితిలో ఉన్నాను. ఆమె మెత్తబడలేదు. నాలుగింటిని తనే కొట్టేసింది. "ఇది నా తప్పే, వరస కలవలేదు. ఇది వేరే పడుగు. రాయి, దేశమ్మ తప్పు అని రాయి." మూడింటి మీద వేలు పెట్టి, తెలియదంది. ఉండొచ్చు కదా అని నేను ఆశగా అడిగితే కసిరింది. "తెలీనిదాన్ని తెలీదనే రాయాల." ఒకదానిలో మాత్రం పలచని చార స్పష్టంగా కనిపించింది. దాని నడిమి గెలాక్సీ దూరం ఇంకా ఎవరూ కొలవలేదు కనుక భారీదో కాదో తేలదు. కొలవమని ప్రత్యేకంగా రాశాను.

పన్నెండున్నరకు కరెంటు వచ్చింది. ఇద్దరం వీధిలోకి పోయి ఒక అరుగు మీద కూర్చున్నాం. ఓనరు తొంగి చూస్తే, ఇంకో పది నిమిషాలని ఆమె చెయ్యి చూపించింది. చివరి గడులు మిగిలాయి. కనిపెట్టినవారు అన్నచోట ఆమె పేరు ఆమెనే టైపు చేయమన్నాను. ఒక్క వేలితో, అక్షరం అక్షరం వెతుక్కుంటూ కొట్టింది. పంపబోయాను. నా చెయ్యి పట్టుకుంది.

"ఆగు. ఈ గడిలో ఏముండాది?"

రెండేళ్ళ కిందటి గడి అది. తిరస్కరించడానికి కారణం అన్నచోట నేను పెట్టిన "పటం బాగాలేదు" ఇంకా ఉంది. దాన్ని అలాగే వదిలేసినా ఎవరూ అడగరు. పటం మారింది, ఫలితం మారింది, అందరికీ అదే చాలు.

"పటం బాగానే ఉండె గదా. మార్చు."

నిజమే. కొట్టేసి నా పేరు రాశాను. దాని పక్కన, మాట అర్థం కాక తిరస్కరించాను అని టైపు చేసి, చదివి వినిపించాను. నేను చాలా నిజాయితీగా ఉన్నానని అనుకున్నాను. ఆమె తల అడ్డంగా ఊపింది.

"మాట అర్థం కాలేదని రాస్తే, నా మాటదే తప్పని అయితాది. నా మాట సరిగానే ఉండాది. ఈ వీధిలో ఎవుర్ని అడిగినా సెప్తారు. నువ్వు అడగలేదు. అది రాయి."

ఆమె గొంతులో కోపం లేదు. తెగిన పోగు చూపించినప్పటి గొంతే అది. నేను రాసింది మొత్తం కొట్టేశాను. కారణం గడిలో ఒక్క మాట రాశాను, "అడగలేదు". ఆమె చదువుకుని, సరే పంపమని తల ఊపి, లేచి మగ్గాల దగ్గరికి వెళ్ళిపోయింది. నేను పంపించాను.